మింగినదెంత? విసిరినదెంత?

కృష్ణబిలం అనగానే మనలో చాలామందికి మనసులో మెదిలే బొమ్మ ఒక్కటే. అడ్డూ ఆపూ లేకుండా దొరికిందల్లా మింగే రాక్షసి. సినిమాలు చూపేదీ అదే, పత్రికల ఆదివారం అనుబంధాలు రాసేదీ అదే. 2019 ఏప్రిల్ 10న ఎం 87 అనే గెలాక్సీ నడిబొడ్డున ఉన్న కృష్ణబిలం నీడను మొట్టమొదటిసారి ఫోటోలో చూపించినప్పుడు కూడా మనం "అబ్బో, కాంతిని కూడా వదలదట!" అని ఆశ్చర్యపోయి ఊరుకున్నాం.

ఈ బొమ్మ సగం మాత్రమే నిజమని నా అభిప్రాయం. మిగతా సగమే ముఖ్యమైనది. ఒక గెలాక్సీ భవిష్యత్తు నిర్ణయమయ్యేది అందులోని కృష్ణబిలం ఎంత మింగిందన్న దానివల్ల కాదు, మింగకుండా ఎంత బయటికి విసిరింది, ఆ విసురు ఎంతకాలం సాగింది అన్న దానివల్ల. ఇది కవిత్వం కాదు, లెక్క. ఆ లెక్క బి.యస్సీ. విద్యార్థి ఎవరైనా కాగితం మీద వేసి చూసుకోవచ్చు. వేసి చూసుకోవడం మనం మానేశామన్నదే నా బాధ.

ముందుగా లెక్క చూద్దాం. ఒక పెద్ద గెలాక్సీ మధ్యలో 10 కోట్ల సూర్యుళ్ళ బరువున్న కృష్ణబిలం ఉందనుకోండి. దాని వ్యాసార్థం సుమారు 30 కోట్ల కిలోమీటర్లు, అంటే భూమికీ సూర్యుడికీ ఉన్న దూరానికి రెండింతలు. వినడానికి పెద్దదే. కాని దాని చుట్టూ ఉన్న గెలాక్సీ ఉబ్బు భాగం వ్యాసార్థం పదివేల కాంతి సంవత్సరాలు ఉంటుంది. కృష్ణబిలాన్ని ఆవగింజంత చేసి విజయవాడలో పెడితే, గెలాక్సీ ఉబ్బు అంచు హైదరాబాదు దాటి పోతుంది. ఇక బరువు సంగతి. ఆ ఉబ్బు బరువు 10 వేల కోట్ల సూర్యుళ్ళు, కృష్ణబిలానిది అందులో వెయ్యో వంతు. దాని ఆకర్షణ పెత్తనం చెల్లేది చుట్టూ ముప్పై, నలభై కాంతి సంవత్సరాల వరకే. ఆ పైన ఉన్న నక్షత్రాలకు అదొకటి ఉందన్న సంగతే పట్టదు. కాబట్టి కృష్ణబిలం గెలాక్సీని మొత్తం మింగేస్తుందనడం వట్టి మాట. దానికి నోరు చాలదు.

మరి అంత చిన్నది అంత పెద్దదాన్ని ఎలా శాసిస్తుంది? 2000 సంవత్సరంలో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా ఒక విచిత్రాన్ని బయటపెట్టాయి. ఉబ్బు భాగంలోని నక్షత్రాలు ఎంత వేగంతో అటూ ఇటూ తిరుగుతున్నాయో కొలిస్తే, ఆ గెలాక్సీ మధ్యనున్న కృష్ణబిలం బరువు ఎంత ఉంటుందో దాదాపుగా చెప్పేయవచ్చు. వేగం ఎక్కువైతే బిలం బరువు ఎక్కువ, వేగం తక్కువైతే బరువు తక్కువ. ఆకర్షణ అందని చోట ఉన్న నక్షత్రాలకూ, మధ్యలో ఉన్న ఆవగింజకూ ఈ పొత్తు ఎలా కుదిరింది? ఆకర్షణ వల్ల కాకపోతే ఇంకేదో దారిన రెండింటి మధ్యా బేరసారాలు నడిచి ఉండాలి.

ఆ దారి శక్తి. కృష్ణబిలంలోకి పడబోయే వాయువు తిన్నగా వెళ్ళి పడదు. చుట్టూ పళ్ళెంలా తిరుగుతూ, రాసుకుంటూ, కాగుతూ మెల్లగా లోపలికి జారుతుంది. అలా జారేటప్పుడు తన ద్రవ్యరాశిలో ఇంచుమించు పదో వంతును శక్తిగా వెదజల్లుతుంది. హైడ్రోజన్ హీలియంగా మారి సూర్యుడు వెలిగే పద్ధతిలో శక్తిగా మారేది 0.7 శాతమే. అంటే విశ్వంలో ఇంతకంటే పొదుపైన పొయ్యి దొరకడం కష్టం.

ఇప్పుడు గుణించండి. 10 కోట్ల సూర్యుళ్ళ ద్రవ్యరాశిలో పదో వంతును కాంతివేగ వర్గంతో గుణిస్తే 1.8 × 10⁵⁴ జౌళ్ళు వస్తుంది. కృష్ణబిలం అంత లావయ్యేలోపు బయటికి పోసిన శక్తి అది. రెండో వైపు, ఉబ్బు భాగాన్ని కట్టిపడేసి ఉంచిన శక్తి ఎంత? దాని ద్రవ్యరాశిని నక్షత్రాల వేగం వర్గంతో గుణిస్తే చాలు. వేగం సెకనుకు 200 కిలోమీటర్లు అనుకుంటే 8 × 10⁵¹ జౌళ్ళు. మొదటిది రెండోదానికి 225 రెట్లు! పోసిన శక్తిలో రెండువందల వంతుల్లో ఒక వంతు చుట్టూ ఉన్న వాయువుకు అందినా, ఆ వాయువు మూటా ముల్లె సర్దుకుని గెలాక్సీ దాటి పోవాల్సిందే. 1998లో జోసెఫ్ సిల్క్, మార్టిన్ రీస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ దారిలోనే ఆలోచించి, కృష్ణబిలం తన గాలితోనే తన మేతను తరిమేస్తుందనీ, అందుకే దాని బరువుకు ఒక హద్దు ఏర్పడుతుందనీ ప్రతిపాదించారు. అంటే ఆ రెండు బృందాల కొలతలు బయటికి రాకముందే సిద్ధాంతం సిద్ధంగా ఉంది.

"కాగితం మీద లెక్క సరే, కంటికి కనిపించిందా?" అని ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా. 1963లో మార్టెన్ ష్మిట్ 3సి 273 అనే వస్తువు వర్ణపటాన్ని చదివి, అది నక్షత్రం కాదు, ఎంతో దూరాన ఉన్న క్వేజార్ అని తేల్చారు. క్వేజార్ అంటే మేత దొరికి మండిపోతున్న కృష్ణబిలం అన్న అవగాహన ఆ తర్వాత కుదిరింది. 1967లో రోజర్ లిండ్స్ మరో క్వేజార్ వర్ణపటంలో వెడల్పాటి నల్లని పట్టీలు చూశారు. మన వైపు మహావేగంతో వస్తున్న వాయువు మధ్యలో అడ్డుపడి కాంతిని కొంత తినేస్తే పడే పట్టీలవి. గాలి వీస్తోందనడానికి దొరికిన తొలి గుర్తుల్లో అదొకటి.

ఆ తర్వాత సాక్ష్యాలు వరసగా వచ్చాయి. పి.డి.యస్. 456 అనే క్వేజార్ మనకు 200 కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉంది. దాని నుంచి వీచే గాలి కాంతివేగంలో నాలుగో వంతుకు పైబడి పరుగెడుతోందనీ, అది సన్నని పాయ కాదు, అన్ని దిక్కులకూ విచ్చుకున్న గాలి అనీ 2015లో ఎక్స్ కిరణాల టెలిస్కోపులు రెండు కలిసి తేల్చాయి. 2023 సెప్టెంబరులో జపాను ప్రయోగించిన ఎక్స్‌రిజం ఉపగ్రహం అదే క్వేజార్‌ను మరింత నిశితంగా చూసింది. ఆ గాలి నునుపైన తెరలా లేదు, ముక్కలు ముక్కలుగా ఉంది, కాంతివేగంలో 20 నుంచి 30 శాతం దాకా ఐదు వేర్వేరు వేగాలతో దూసుకొస్తోంది అని 2025లో ఫలితాలు వెలువడ్డాయి.

ఇంకో రకం గాలి ఉంది. అది ఇంత వేడిగా, ఇంత వేగంగా ఉండదు గాని ఎక్కువ సరుకు మోసుకుపోతుంది. మార్కేరియన్ 231 అనే గెలాక్సీలో ఏడాదికి సుమారు 700 సూర్యుళ్ళకు సరిపడా చల్లని వాయువు బయటికి పోతోందని 2010లో కొలిచారు. అక్కడ కొత్త నక్షత్రాలు కావడానికి ఖర్చవుతున్న వాయువు అందులో మూడో వంతు కూడా లేదు. ఇంట్లో వండుకునే దానికంటే పెరట్లో పారబోసేది ఎక్కువైతే ఆ సంసారం ఎన్నాళ్ళు సాగుతుంది?

ఇక నాకు అన్నిటికంటే నచ్చిన సాక్ష్యం సోడియం గీతది. జేమ్స్ వెబ్ టెలిస్కోపు 1,100 కోట్ల ఏళ్ళకు పైగా ప్రయాణం చేసి వచ్చిన కాంతిలో ఒక గెలాక్సీని పరిశీలించింది. శాస్త్రజ్ఞులు దానికి ముద్దుగా 'పాబ్లో గెలాక్సీ' అని పేరు పెట్టుకున్నారు. బరువులో మన పాలపుంతకు తీసిపోదు, కాని అందులో కొత్త నక్షత్రాల పుట్టుక దాదాపు ఆగిపోయింది. దాని నుంచి సెకనుకు దాదాపు 1,000 కిలోమీటర్ల వేగంతో వాయువు బయటికి పోతోందని 2024లో ప్రకటించారు. ఆ చల్లని వాయువు తనంతట తాను వెలగదు. మరి ఎలా పట్టుకున్నారు? అందులోని సోడియం పరమాణువులు వెనకనున్న నక్షత్రాల కాంతిలో వేసిన నల్లని గీతల వల్ల. ఆ గీతలు మన ప్రయోగశాలలో న్యూటన్ వలయాల ప్రయోగానికి వాడే పసుపు దీపం గీతలే! 589.0, 589.6 నానోమీటర్లు. విశ్వం వ్యాకోచించడం వల్ల ఆ తరంగదైర్ఘ్యం నాలుగు రెట్లకు సాగి, పసుపు రంగు కాస్తా 2,400 నానోమీటర్ల దగ్గర పరారుణంగా మారి మనకు చేరింది. ఉండాల్సిన చోటు నుంచి ఆ గీత కాస్త నీలం వైపు జరిగి ఉంది. ఆ జరుగుబాటే వేగం. మనం రికార్డులో నింపి సంతకం పెట్టించుకునే అంకె, అంతరిక్షంలోని అతి పెద్ద టెలిస్కోపు వాడే అంకె ఒక్కటే.

ఇంతవరకు చెప్పింది చదివి "ఓహో, గాలి వీచింది, గెలాక్సీ చచ్చింది" అని ముగించేయడం సులభం. పత్రికల్లో శీర్షికలు అలాగే వస్తాయి. దీనితో నాకు పేచీ ఉంది.

మాది వ్యవసాయ కుటుంబం. వరద వచ్చి ఒక్క రాత్రిలో చేను తుడిచిపెట్టుకుపోవడం తెలిసిన సంగతే. కాని నీళ్ళు తీసిన తర్వాత చాలాసార్లు మళ్ళీ నారు పోస్తారు, మళ్ళీ నాట్లు వేస్తారు. కాలవ చివరి భూములు బీళ్ళయ్యేది వరద వల్ల కాదు. పైన ఎక్కడో నీరు ఆగిపోయి, ఏటికేడు చుక్క రాకపోవడం వల్ల. మా నాన్న అంటూ ఉంటాడు, "పోయిన నీటికి ఏడవకురా, రావాల్సిన నీరు ఎక్కడ ఆగిందో చూడు" అని. గెలాక్సీల విషయంలోనూ అడగాల్సిన ప్రశ్న ఇదే. పెద్ద గెలాక్సీ మీదికి బయటి నుంచి కొత్త వాయువు కోట్లాది సంవత్సరాలు దిగుతూనే ఉంటుంది. ఒకసారి ఊడ్చేసినంత మాత్రాన అది శాశ్వతంగా బీడు కాదు. పైగా కృష్ణబిలం నిలకడగా మండేది కాదు. 2007లో హాలండుకు చెందిన హానీ వాన్ ఆర్కెల్ అనే బడి పంతులమ్మ, సామాన్యులు గెలాక్సీలను వర్గీకరించే పథకంలో పాల్గొంటూ ఐ.సి. 2497 అనే గెలాక్సీ పక్కన వింతగా వెలిగే వాయుమేఘాన్ని కనిపెట్టారు. ఆ మేఘాన్ని వెలిగించిన క్వేజార్ గత రెండు లక్షల ఏళ్ళలోపే ఆరిపోయిందని తర్వాత తేలింది. మేఘానికి మాత్రం పాత వెలుగే ఇంకా అందుతోంది. గెలాక్సీ లెక్కన రెండు లక్షల ఏళ్ళంటే రెప్పపాటు.

కాబట్టి గెలాక్సీని బీడుగా నిలిపి ఉంచేది ఒక్క దెబ్బ కాదు, నీరు దిగకుండా పైన కట్టిన అడ్డుకట్ట అని నేను నమ్ముతున్నాను. దానికీ సాక్ష్యం ఉంది. గెలాక్సీల గుంపుల్లో కొన్ని కోట్ల డిగ్రీల వేడి వాయువు నిండి ఉంటుంది. పర్సియస్ గుంపు నడుమ ఆ వాయువు చల్లబడి, నక్షత్రాలుగా కురవాలి. కురవడం లేదు. మధ్యనున్న కృష్ణబిలం తన జెట్లతో ఆ వాయువులో బుడగలు ఊదుతూ, దాన్ని చల్లారనివ్వడం లేదని చంద్రా ఉపగ్రహం తీసిన ఎక్స్ కిరణాల చిత్రాల్లో కనిపించింది. ఆ ఉపగ్రహానికి పెట్టిన పేరు మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ గారిది.

ఇలాంటి బుడగల్లో అతి పెద్దది ఒఫియూకస్ గుంపులో ఉంది. దాని కథ విద్యార్థులంతా తెలుసుకోవాలి. ఆ వేడి వాయువులో ఒక వంపు తిరిగిన అంచును 2016లోనే చూశారు. కాని కృష్ణబిలం ఊదిన బుడగ అంచే అయితే దానికి కావలసిన శక్తి మరీ ఎక్కువని ఆ ఆలోచనను పక్కన పెట్టారు. 2020లో రేడియో టెలిస్కోపుల చిత్రాలను జోడించి చూస్తే, ఆ గుంత నిండా రేడియో తరంగాలు వెలువరించే కణాలు పొంగిపొర్లుతున్నాయి. అంతకు ముందు రికార్డు కంటే ఐదు రెట్లు పెద్ద విస్ఫోటనం! ఆ రేడియో చిత్రాల్లో కొన్ని పూణె దగ్గర నారాయణ్‌గావ్ పక్కనున్న మన జి.యం.ఆర్.టి. టెలిస్కోపువి. ముప్పై యాంటెన్నాలు, ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పు. మన దేశంలో, మన ఇంజనీర్లు కట్టినది.

మరో ఋజువు 2015లో వచ్చింది. సుమారు 26,000 గెలాక్సీలలోని నక్షత్రాల్లో లోహాల పాలు ఎంత ఉందో ఒక బృందం చూసింది. ఉన్న వాయువునంతా ఒక్కసారి ఊడ్చేసి ఉంటే, ఆగిపోయిన గెలాక్సీకీ నడుస్తున్న గెలాక్సీకీ లోహాల్లో పెద్ద తేడా ఉండకూడదు. కాని ఆగిపోయినవాటిలో లోహాలు బాగా ఎక్కువ. అంటే కొత్త నీరు రావడం ఆగాక కూడా, చెరువులో మిగిలిన అడుగునీటితోనే ఇంచుమించు 400 కోట్ల ఏళ్ళు సేద్యం చేశాయన్న మాట. కొత్త నీరు కలవదు గనక ఉన్న నీరు చిక్కబడింది. నీటిని ఆపినదెవరో ఈ ఒక్క లెక్క చెప్పదు. కాని చావు వరదలా కాక కరువులా వచ్చిందని మాత్రం గట్టిగా చెబుతోంది.

ఇంకో మాట కూడా న్యాయంగా చెప్పాలి. కృష్ణబిలం విసిరే గాలి ప్రతిచోటా పైరును చంపదు. హెనైజ్ 2-10 అనే బుల్లి గెలాక్సీ మనకు 3 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అక్కడి కృష్ణబిలం నుంచి పోయే వాయువు మెల్లగా వెళ్ళి ఒక దట్టమైన మేఘాన్ని తాకి, అక్కడ కొత్త నక్షత్రాలు మొలిపిస్తోందని 2022లో ప్రకటించారు. తగినంత గాలి దుమ్ము లేపదు, పుప్పొడిని మోస్తుంది. అటు పి.డి.యస్. 456లోనేమో లోపలి గాలికి ఉన్న బలంలో చాలా కొద్ది భాగమే బయటి చల్లని వాయువులో కనిపిస్తోంది. మిగతా బలం ఏ ముక్కల సందుల్లోంచి జారిపోతోందన్నది ఇప్పుడు తేల్చవలసిన ప్రశ్న. రాక్షసి అన్న ఒక్క మాటతో ఇన్ని సంగతులు కప్పెట్టేయడం మన బద్ధకం తప్ప మరొకటి కాదు.

"సరే బాబూ, దీనివల్ల ఎకరానికి ఎన్ని బస్తాలు పండుతాయి?" అని మా ఊళ్ళో అడుగుతారు. ఒక్క బస్తా కూడా పండదు. అబద్ధం చెప్పి ఈ చదువును అమ్ముకోనక్కర్లేదు. కాని ఊరి వాళ్ళు అడిగే ఆ ప్రశ్నలో ఒక పద్ధతి ఉంది: ఎంత వచ్చింది, ఎంత పోయింది, మిగిలిందెంత? ఈ జమాఖర్చు చూసే బుద్ధే విజ్ఞానశాస్త్రం. తరగతి గదుల్లో మనకు లేకుండా పోతున్నది అదే. చాలా కళాశాలల్లో పాత రికార్డు చూసి కొత్త రికార్డు రాసుకోవడమే ప్రయోగంగా చలామణి అవుతోంది. సోడియం దీపం వెలుగుతుంది, అంకె ముందే తెలుసు, ఆ అంకె వచ్చేట్టు పాఠ్యాంకాలు వెనక నుంచి దిద్దుకుంటాం. అలా దిద్దినవాడికి పాబ్లో గెలాక్సీ గీత ఎందుకు జరిగిందో ఎలా అర్థమవుతుంది? వింతను చూసి చప్పట్లు కొట్టడం నేర్పుతున్నారు గాని తూకం వేయడం నేర్పడం లేదు. పల్లెటూళ్ళ నుంచి వచ్చిన మాలాంటి వాళ్ళకు ఇది మరీ నష్టం. మా చేతిలో ఉన్నదల్లా ఆ తూకం వేసే అలవాటే, దాన్నీ గుమ్మం బయట చెప్పులతో పాటు వదిలి రమ్మంటే ఎలా?

అధ్యాపకులకూ, పూర్వ విద్యార్థులకూ, విద్యార్థి సంఘానికీ నా మనవి ఇదే. లక్షల కొద్దీ గెలాక్సీల వర్ణపటాలు స్లోన్ సర్వే వారు అందరికీ ఉచితంగా ఇచ్చారు. జేమ్స్ వెబ్ సమాచారం కూడా పరిశోధకులకిచ్చిన గడువు తీరాక అందరిదీ అవుతుంది. మన దేశంలోనే 2013 నుంచి 'రాడ్ ఎట్ హోమ్' అనే బృందం విద్యార్థులకూ ఆసక్తి ఉన్న సామాన్యులకూ తర్ఫీదు ఇచ్చి రేడియో చిత్రాలు పరిశీలింపజేస్తోంది. ఒక గెలాక్సీ కృష్ణబిలం తన జెట్‌ను పక్క గెలాక్సీ మీదికి ఊదుతున్న వింతను ఆ బృందమే పట్టుకుని, జి.యం.ఆర్.టి.తో పరిశీలించి 2022లో ప్రకటించింది. నెలకు ఒక్క శనివారం సాయంత్రం భౌతికశాస్త్ర విభాగం గది తెరిచి ఉంచి, ఒక కంప్యూటరు ఇస్తే చాలు. ఒక వర్ణపటం తీసుకుని, సోడియం గీత ఎక్కడుండాలి, ఎక్కడుంది, వేగమెంత అని మేమే కొలుస్తాం. తప్పు వస్తే ఎందుకు వచ్చిందో అక్కడే తగాదా పడతాం. కొలిచినదాన్ని తెలుగులో రాసి గోడపత్రికకు అంటిస్తాం. మార్కులు అక్కర్లేదు, సర్టిఫికెట్టు అంతకన్నా అక్కర్లేదు.

మన పాలపుంత మధ్యలో కూడా 43 లక్షల సూర్యుళ్ళ బరువున్న కృష్ణబిలం ఉంది. ఇప్పుడు మేత లేక పడుకుని ఉంది. కాని పాలపుంతకు పైనా కిందా చెరొక 25 వేల కాంతి సంవత్సరాల ఎత్తున రెండు మహా బుడగలున్నాయని 2010లో ఫెర్మీ టెలిస్కోపు సమాచారంలో బయటపడింది. అవి ఆ కృష్ణబిలం ఒకప్పుడు ఊదినవా, లేక అక్కడ పుట్టి పేలిన నక్షత్రాలు ఊదినవా అన్న వాదం ఇంకా నడుస్తోంది. ఆ వాదంలో తీర్పు చెప్పేవాళ్ళలో మన కళాశాల వాళ్ళు ఒకరైనా ఎందుకుండకూడదు? రాబోయే విద్యా సంవత్సరం మొదటి శనివారానికి గది తాళం ఎవరి దగ్గరుంటుందో సంఘం వాళ్ళు ఇప్పుడే తేల్చి చెబితే బాగుంటుంది.

— బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి